లారీల బారుకు గేటు కారణం కాదు

అయ్యా,

సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర లారీలు రోజుల తరబడి నిలిచిపోతున్నాయని, గేట్లు పెంచి రోడ్లు వెడల్పు చేయాలని మీ సంపాదకీయంలో రాశారు. మన మిర్చి బంగ్లాదేశ్‌కు వెళ్లే పశ్చిమ బెంగాల్ సరిహద్దు చెక్‌పోస్టు పెట్రాపోల్ సంగతే తీసుకుంటే, చిక్కంతా గేటు దాటాక ఉండే అన్‌లోడింగ్ యార్డులో ఉంది.

గుంటూరులో లోడైన లారీ మన ఆనందపురం మీదుగా 16వ నంబరు హైవే పట్టుకుని కోల్‌కతా, అక్కడినుంచి పెట్రాపోల్ పక్కనున్న బొంగావ్ చేరుతుంది. సరిహద్దు దాటడానికి బండికిచ్చే ‘కార్ పాస్’ తీసుకుని అవతల బంగ్లాదేశ్‌లోని బెనాపోల్ యార్డు దాకా మాత్రమే పోగలదు. అక్కడ సరుకు దించాలి, దాన్ని బంగ్లాదేశ్ లారీకి ఎక్కించాలి, మన బండి ఖాళీగా వెనక్కి రావాలి. లోపల ఒకటి ఖాళీ అయితేనే ఇంకోదానికి చోటు. హమాలీలు చాలకపోయినా, అక్కడి దిగుమతిదారు సుంకం కట్టడం ఆలస్యమైనా, వాన పట్టుకున్నా ఇవతల బారు పెరుగుతుంది. పైగా శుక్రవారం అక్కడ సెలవు. గురువారం సాయంత్రం చేరిన బండికి హాల్టింగ్, అంటే అక్కడే ఆగి ఎదురుచూడటం, తప్పదు. గేట్లు రెట్టింపు చేస్తే లారీలు రోడ్డు మీద కాకుండా యార్డు గుమ్మంలో ఆగుతాయి, అంతే.

నేపాల్ సరిహద్దులో ఈ బాధ తక్కువ. బీహార్‌లోని రక్సౌల్ దాటి మన లారీ అదే డ్రైవరుతో లోపలికి పోయి సరుకు దించి రావచ్చు. 2016లో నేపాల్ సరుకుకు విశాఖ పోర్టు ద్వారా కూడా దారి తెరిచారు. ఎలక్ట్రానిక్ సీలు వేసిన కంటైనర్ ఇక్కడినుంచి రైల్లో నేపాల్‌లోని బీర్‌గంజ్ డ్రైపోర్టుకు (ఓడరేవు కాని కంటైనర్ డిపోకు) వెళ్తుంది, మధ్యలో విప్పే పని లేదు. బంగ్లాదేశ్‌కూ లారీలు నేరుగా పోయేలా 2015 జూన్ 15న థింఫూలో భారత్, బంగ్లాదేశ్, నేపాల్, భూటాన్ మోటారు వాహనాల ఒప్పందం చేసుకున్నాయి. భూటాన్ పార్లమెంటు ఒప్పుకోలేదు. మిగతా ముగ్గురూ ట్రయల్ రన్‌లు వేశారు కానీ, మామూలు లారీకి దానివల్ల ఒరిగిందేమీ లేదు.

ఇక మన వైపు తప్పులు. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ‘సువిధ’ పేరుతో, సరిహద్దు దాటే వంతును ముందే బుక్ చేసుకునే ఆన్‌లైన్ స్లాట్ పెట్టింది. మంచి పనే. కానీ మనవాళ్లు ముందు లోడ్ చేసి, తర్వాత స్లాట్ వెతుక్కుంటారు. స్లాట్ చేతికొచ్చాకే బండి కదలాలి. దారిలో బరంపురం దగ్గరో ఇంకెక్కడో బండి చెడి సరుకు మరో లారీకి మారిస్తే, సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసుకునే ఈ-వే బిల్లులో బండి నంబరు మార్చి ఊరుకుంటారు. స్లాట్‌లో పాత నంబరే ఉంటుంది, బండి పక్కన పెడతారు.

తూకం ఇంకో తంటా. లారీకి 45 కిలోల మిర్చి టిక్కీలు (బస్తాలు) 450 వేస్తే 20 టన్నుల 250 కిలోలు. ఎండల్లో తేమ ఒక్క శాతం తగ్గినా రెండు క్వింటాళ్లు తేడా, అంటే నాలుగు టిక్కీల పైమాటే. అవతలి కాటా దగ్గర అది టిక్కీలు తగ్గినట్టు కనిపిస్తుంది. అందుకే బయల్దేరేటప్పటి కాటా చీటీతో పాటు టిక్కీల లెక్క విడిగా రాసి డ్రైవరు చేతికివ్వాలి. సరుకుకు చీడపీడలు లేవని ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్‌లో, ఎగుమతికి కస్టమ్స్‌లో వేసే షిప్పింగ్ బిల్లులో, ఇన్వాయిస్‌లో సంచుల సంఖ్య ఒక్కటే ఉండాలి.

చాలామంది ఓనర్లు పట్టించుకోనిది ఇన్సూరెన్స్. మామూలు పాలసీ భారతదేశం వరకే. యార్డు కూతవేటు దూరమే అయినా అది పరాయి దేశం. కొంచెం ప్రీమియం కట్టి పాలసీని బంగ్లాదేశ్‌కు పొడిగిస్తూ ఎండార్స్‌మెంట్ (అదనపు షరతు) రాయించుకోకపోతే, అక్కడ బండికి దెబ్బ తగిలినప్పుడు క్లెయిమ్ అడగలేరు.

2020 జులైలో రైల్వే గుంటూరు జిల్లా రెడ్డిపాలెం నుంచి బెనాపోల్‌కు 16 పార్శిల్ వ్యాన్లలో 384 టన్నుల ఎండుమిర్చి పంపింది. టన్నుకు 4,608 రూపాయలు పడింది. లారీలో 7,000 అని అప్పట్లో రైల్వేయే లెక్క చెప్పింది. ఆ ఒక్క రైలు దాదాపు 19 లారీలను బొంగావ్ రోడ్డు మీదినుంచి తప్పిస్తుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా, మిర్చి సీజన్‌లో, దాన్ని వారానికొకటి చొప్పున టైంటేబుల్‌లో పెట్టమని మన ఎంపీలు రైల్వే బోర్డును అడగాలి.

– ఒక లారీ ట్రాన్స్‌పోర్టర్, ఆటోనగర్, విశాఖపట్నం