నిస్పృహను విరక్తి అనకండి

సంపాదకులకు,

ఆత్మహత్య వార్తల్లో ‘జీవితంపై విరక్తి చెంది’ అనే మాట అచ్చుపోసినట్లు ఏళ్ల తరబడి కనిపిస్తోంది. దాన్ని మానుకోమని కోరడానికే ఈ లేఖ. విరక్తి అంటే కోరిక తనంతట తానే సడలిపోవడం. వేదాంతులు దాన్ని మనసు పండిన స్థితిగా చెబుతారు. ప్రాణం తీసుకునేవారిలో ఎందరికో కోరిక చావదు, దారి కనిపించదు, అంతే. దాని పేరు నిస్పృహ. అది నిరాశ కూడా కాదు. పరీక్ష తప్పినవాడు నిరాశపడతాడు, మళ్లీ రాస్తాడు కూడా. నిస్పృహలో ఆ ‘మళ్లీ’ ఉండదు.

మా అన్నయ్య రెండేళ్లు ఆ స్థితిలో గడిపాడు. ఏడ్చేవాడు కాదు, వేళకు తినేవాడు, పలకరిస్తే బదులిచ్చేవాడు. అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. కళ్లజోడు ఒక పక్క విరిగితే దారంతో కట్టుకుని నెలల తరబడి అలాగే పెట్టుకున్నాడు. బాగుచేయించి తెస్తాను ఇమ్మంటే, “ఇంకెందుకులే” అన్నాడు. అది బద్ధకమనుకున్నాను. ఆ అద్దాలతో చూడవలసిన రేపు ఒకటుందని అన్నయ్యకు తోచడం లేదని చాలా ఆలస్యంగా అర్థమైంది. నీకేం తక్కువని మేం చెప్పిన ధైర్యం తనను మరింత ఒంటరిని చేసిందని తర్వాత తనే చెప్పాడు.

మనోవైద్యుడు ఆరన్ బెక్ 1974లో నిస్పృహను కొలవడానికి 20 వాక్యాల పట్టికను రూపొందించారు. అందులో అడిగేది దుఃఖం గురించి కాదు, రాబోయే రోజుల గురించి. ఆత్మహత్య ఆలోచనలతో ఆసుపత్రిలో చేరిన 207 మందిని ఏళ్ల తరబడి గమనించి ఆయన బృందం 1985లో ప్రచురించిన అధ్యయనంలో, కుంగుబాటు తీవ్రత కంటే నిస్పృహే తర్వాతి మరణాలను ముందుగా సూచించింది. కాబట్టి ఎదుటి మనిషి కళ్లలో నీళ్లున్నాయా అని మాత్రమే చూస్తే చాలదు. వచ్చే నెల గురించి ఏమనుకుంటున్నారో అడగాలి, చెప్పింది మధ్యలో అడ్డుపడకుండా వినాలి, వైద్యుడి దగ్గరకు వెంటబెట్టుకుని వెళ్లాలి.

‘విరక్తి’ అని రాసినప్పుడు అది ఆ మనిషి ఆలోచించి చేసుకున్న తీర్మానంలా వినిపిస్తుంది. చదివేవారిలో అదే స్థితిలో ఉన్నవారు కూడా తమది తీర్మానమేనని నమ్మే ప్రమాదముంది. అది చికిత్సకు లొంగే స్థితి అని వారికి తెలియాలి. చికిత్స మొదలైన కొన్ని నెలలకు అన్నయ్య తనంతట తానే కళ్లజోడు తీసి నా చేతిలో పెట్టి, బాగుచేసి ఎప్పటికి ఇస్తారో కనుక్కోమన్నాడు.

ఇట్లు,
ఒక పాఠకురాలు