క్లస్టర్ కట్టే ముందు: మా అమ్మాయికి ఉత్తరం

అన్నానగర్, చెన్నై

చిరంజీవి మాధవికి నాన్న ఆశీస్సులు.

మీ బెంగళూరు ఆఫీసులో కొత్త బిల్లింగ్ వ్యవస్థను ఒకే సర్వర్ మీద నడపాలా, క్లస్టర్‌గా (ఒకటి ఆగినా మరొకటి పని అందుకునేలా కలిపిన సర్వర్ల గుంపుగా) కట్టాలా అన్నది నిన్నే తేల్చమన్నారని రాశావు. ఉద్యోగమంతా సర్వర్ గదుల్లోనే చేసినవాణ్ణి కనుక ఈ విషయంలో నా అభిప్రాయం నీకు తెలియాలి.

బిల్లింగ్ ఎంతసేపు ఆగితే వ్యాపారం తట్టుకోగలదో ముందు మీ పైవాళ్ల చేత చెప్పించు. 99.9 శాతం సమయం నడిస్తే చాలునంటే ఏడాదికి దాదాపు 8 గంటల 45 నిమిషాలు ఆగినా ఫరవాలేదని అర్థం. జంట పవర్ సప్లైలు, ఒకటి పోయినా డేటా నిలిచేలా జతచేసిన రెయిడ్ డిస్కులు, పక్కనే సిద్ధంగా ఉంచిన మరో మెషీన్ ఉంటే ఒంటి సర్వర్‌తోనే దాన్ని అందుకోవచ్చు. 99.99 అన్నారంటే ఏడాది మొత్తానికి మిగిలేది సుమారు 53 నిమిషాలు. అర్ధరాత్రి ఎవరో నిద్ర లేచి, లాగిన్ అయి సరిచేసే పద్ధతికి అది చాలదు, క్లస్టర్ ఉండవలసిందే.

అయితే రెండే నోడ్లతో, అంటే క్లస్టర్‌లో రెండే సర్వర్లతో, చవకగా కట్టిస్తామంటే ఒప్పుకోకు తల్లీ. వాటి మధ్య, బతికే ఉన్నామని ఒకదానికొకటి చెప్పుకునే హార్ట్‌బీట్ సంకేతం నడిచే లింకు తెగిందంటే, రెండూ బతికే ఉన్నా, అవతలిది చచ్చిపోయిందని ప్రతిదీ అనుకుంటుంది. రెండూ ఒకే డిస్కు మీద రాయడం మొదలుపెడితే డేటా పాడవుతుంది. స్ప్లిట్ బ్రెయిన్ అనే ఈ స్థితి, సర్వర్ పూర్తిగా ఆగిపోవడం కన్నా ప్రమాదం. ఎవరు పని కొనసాగించాలో తేల్చడానికి మూడో ఓటు ఉంటే మూడింట రెండు ఓట్లున్న పక్షమే పని కొనసాగిస్తుంది. ఆ మూడోది పెద్ద సర్వర్ కానక్కరలేదు, సాక్షిగా నిలిచే చిన్న మెషీన్ చాలు. పాత నోడ్‌కు కరెంటు తీసేశాకే కొత్తది పని అందుకునేలా ఫెన్సింగ్ కూడా పెట్టించు. వెండరు డెమోలో నోడ్‌ను పద్ధతిగా షట్‌డౌన్ చేసి చూపిస్తే తృప్తిపడవద్దు. బిల్లులు పడుతుండగా కేబుల్ లాగి చూపించమను.

క్లస్టర్ ఉందని బ్యాకప్ మానకండి. పొరపాటున కొట్టిన ఒక డిలీట్ క్షణంలో అన్ని నోడ్లకూ పాకుతుంది. నోడ్లన్నీ ఒకే గదిలో ఉంటే నీళ్లొచ్చిన రోజున అన్నీ కలిసే ఆగిపోతాయి. 2015 డిసెంబరు వరదలు చూసిన ఊరివాళ్లకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

మీ బృందంలో ఫెయిలోవర్ లాగులు (పని ఒక నోడ్ నుంచి మరోదానికి మారినప్పటి రికార్డులు) చదవగలిగేవాళ్లు ఒక్కరే ఉంటే, 99.9 చాలునని పైవాళ్లు కూడా అంటే, నేనైతే ఒంటి సర్వర్, దాని డేటాకు ఎప్పటికప్పుడు నకలుగా ఉండే ఒక రెప్లికా, చేత్తో మార్చుకునే ఏర్పాటు ఎంచుకుంటాను. పైవాళ్ల లెక్క తేలగానే నాకు ఫోన్ చెయ్యి, కొటేషన్లు ఇద్దరం కలిసి చూద్దాం.

నాన్న