రాతి అడవుల్లో పరుగు బాటలు గుర్తించండి: అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అటవీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

బండరాళ్లు, గుట్టలు నిండిన అడవుల్లో కాలిబాటల మీద పరుగెత్తేవాళ్లలో ఒకరిగా ఈ లేఖ రాస్తున్నాను. ఇలాంటి అడవుల్లో ట్రెయిల్ రన్నింగ్‌కు, అంటే కాలిబాట పరుగుకు పనికొచ్చే బాటలేవో మీ శాఖే తిరిగి చూసి, కొలిచి, గుర్తులు పెట్టి ప్రకటించాలని నా విన్నపం. ఆ బాటలు తప్ప మిగతా అడవిలో పరుగు వద్దని కూడా అదే ఉత్తర్వులో చెప్పండి. ఈ రెండో మాటను మీరు షరతుగా పెట్టక ముందే మేమే కోరుతున్నాం.

ఇప్పుడు చాలాచోట్ల జరుగుతున్నది చూడండి. వెళ్లవచ్చని ఎవరూ చెప్పరు, వెళ్లకూడదనీ ఎక్కడా రాసి ఉండదు. ఎవరో ఒకరు పొదల సందుల్లోంచి దారి చేసుకుని గుట్ట ఎక్కి దిగుతారు. ఆ దారి వాళ్ల ఫోనులోనో, చేతి గడియారంలోనో గీతగా నమోదవుతుంది. దాన్ని నలుగురితో పంచుకుంటారు. వారం తిరిగేసరికి ఆ గీత పట్టుకుని మరికొందరు వస్తారు. ఎత్తైన రాతి గోడల పక్కన ఉపగ్రహ సంకేతాలు నేరుగా అందవు, రాళ్లకు తగిలి చుట్టు తిరిగి చేరతాయి. అందువల్ల ఆ గీత అసలు నడిచిన చోటి నుంచి పక్కకు జరిగి ఉంటుంది. తెలియనివాళ్లు తెర మీది గీతనే నమ్మి లేని దారిలోకి, ఒక్కోసారి చరియ అంచు దాకా వెళ్తారు. మీరు వేసినా వేయకపోయినా బాటలు పడుతూనే ఉన్నాయి. అడవి తెలిసిన మీ సిబ్బందికి మాత్రం వాటి మీద ఎలాంటి అదుపూ లేదు.

దాని ఫలితం తెలియాలంటే వాన వెలిసిన మర్నాడు బాట పక్కనున్న ఏదైనా పెద్ద గుండు దగ్గర ఆగి నేల చూడాలి. గుండుకు ఎగువన నీళ్లు నిలుస్తాయి. ముందు వచ్చినవాళ్లు బురదలో కాలు పెట్టడం ఇష్టంలేక పక్కనున్న గడ్డి మీదుగా వెళ్తారు. రెండు వానలకు ఆ గడ్డి పోయి అదీ బురదవుతుంది. తర్వాతివాళ్లు ఇంకాస్త ఎడంగా జరుగుతారు. ఒక మనిషి పట్టే బాట కొన్నాళ్లకు పాయలు పాయలుగా చీలి, ఎద్దుల బండి పోయేంత వెడల్పవుతుంది. పాయల మధ్య మిగిలిన చిన్న చెట్టు వేళ్లు జానెడు పైకి తేలి ఉంటాయి. బూట్ల రాపిడికి వాటి బెరడు ఊడి లోపలి తెల్లటి కొయ్య కనిపిస్తుంది. ఆ చెట్టు మీద ఎవరూ గొడ్డలి వేయలేదు. ఇక్కడ నడవండి, బురదైనా సరే ఇందులోంచే వెళ్లండి అని చెప్పే ఒక్క గుర్తు ఉంటే అది నిలబడేది.

రాతి అడవి పైకి మొండిగా కనిపిస్తుంది. దానిలో అన్నిటికంటే సున్నితమైనది రాళ్ల మధ్య నిలిచిన ఆ కాస్త మట్టి. రాయి అరిగి, ఆకు కుళ్లి, తరాల తరబడి పేరుకున్న ఆ పొర కొన్నిచోట్ల బెత్తెడు కూడా ఉండదు. కింద మళ్లీ బండే. ఆ పొర ఒక వర్షాకాలంలో కొట్టుకుపోతే మన కాలంలో తిరిగి రాదు. ఉత్త బండ మాత్రం వేల అడుగులను ఓర్చుకుంటుంది, కానీ అన్ని బండలనూ ఒకే గాటన కట్టలేం. రాళ్ల మీద బూడిద, పసుపు, నారింజ రంగు మచ్చల్లా కనిపించే లైకెన్లు అనే జీవుల్లో ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగనివి ఉన్నాయి. అరచేయంత మచ్చ వయసు ఒక నిండు మనిషి ఆయుష్షును మించి ఉండవచ్చు. అందుకే ఈ బాటలను కార్యాలయంలో మ్యాపు ముందు కూర్చుని తేల్చవద్దని కోరుతున్నాను. ఇదివరకే అరిగిన బండనూ, నీరు నిలవని మిట్టనూ, లైకెన్లు లేని రాతినీ కాలినడకన చూసి ఒకదానితో ఒకటి కలపాలి. ఆ పని చేయగలిగింది రోజూ ఆ దారుల్లో తిరిగే మీ బీట్ సిబ్బంది మాత్రమే.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. పారిస్‌కు దక్షిణాన ఉన్న ఫాంటెన్‌బ్లో అడవి ఇసుకరాతి గుండ్లకు ప్రసిద్ధి. నెపోలియన్ సైన్యంలో పనిచేసి వచ్చిన క్లోడ్ ఫ్రాన్స్వా డెనెకూర్ 1842లో అక్కడి నడకదారులకు గుర్తులు పెట్టడం మొదలుపెట్టారు. ఆయన చేతుల మీదుగా అవి దాదాపు 150 కిలోమీటర్లకు పెరిగాయి. ఆ నీలి గుర్తుల బాటల్లో జనం ఇప్పటికీ నడుస్తున్నారు. ఇరవై ఏళ్లు తిరగకముందే, 1861లో, అదే అడవిలో వెయ్యి హెక్టార్లకు పైగా భాగాన్ని చిత్రకారుల కోరిక మేరకు నరికివేత నుంచి తప్పిస్తూ ఉత్తర్వు వెలువడింది. బాటలు వేస్తే అడవి పోతుందని మీకు సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వాళ్లకు ఈ రెండు సంవత్సరాలూ చూపించండి. అయితే అక్కడ నేల వదులు ఇసుక కాబట్టి, జనం బాట దాటి తొక్కిన వాలుల్లో ఇసుక జారిపోవడం నేటికీ తలనొప్పిగానే ఉంది. గుర్తు పెట్టి వదిలేస్తే సరిపోదు, ఏటా మరమ్మతు ఉండాలన్నది కూడా ఆ అడవి నుంచే తెలుస్తోంది.

బాట వేసేవాళ్లు ముందుగా లెక్క చూసుకోవలసింది నీటితో. గుట్ట నెత్తి నుంచి కిందికి నిటారుగా దిగే దారి పరుగెత్తేవాళ్లకు ఉత్సాహంగా ఉంటుంది, నిజమే. కానీ వాననీరు కూడా ఆ దారినే దిగుతుంది. మొదటి ఏడాది గాడి, మూడో ఏడాదికి చిన్న వాగు. బాటలు నిర్మించేవాళ్లు పాటించే సూత్రం ఒకటుంది: బాట వాలు కొండ వాలులో సగాన్ని మించకూడదు. కొండ వాలు 30 శాతం (వంద అడుగుల దూరానికి ముప్పై అడుగుల ఎత్తు) ఉంటే బాట 15 శాతం దాటకూడదు. మొత్తం మీద సగటు 10 శాతం లోపు ఉంటే నేల నిలుస్తుంది. బాట ఉపరితలం దిగువ వైపు కొద్దిగా వంగి ఉండాలి. మధ్యమధ్య చిన్న ఎత్తుపల్లాలు ఇస్తే నీరు బాట వెంట పరుగందుకోకుండా అక్కడికక్కడే పక్కకు జారిపోతుంది. గట్టి బండ మీద ఈ లెక్క సడలించవచ్చు, ఎందుకంటే అక్కడ కోతకు పోయే మట్టే లేదు. నిటారు ఎక్కుళ్లు కావాలనే మా కోరికను అలాంటి చోట్లే తీర్చండి, మట్టి వాలుల మీద ఎంత అడిగినా ఇవ్వకండి.

గుర్తుల సంగతి తేలికైనదే, అయినా తరచూ చెడేది అక్కడే. దారి చీలిన ప్రతిచోటా ఒక గుర్తు, చీలిన తర్వాత కాస్త దూరంలో మరొకటి, వెళ్లేవాళ్లకూ వచ్చేవాళ్లకూ రెండు వైపులా కనిపించాలి. పెద్ద పెద్ద బోర్డులు అక్కర్లేదు.

ఇక పోటీల మాట. నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే. 2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో, పసుపు నది ఒడ్డున శిలావనంగా పేరున్న రాతి ప్రాంతంలో 100 కిలోమీటర్ల పరుగు పోటీ జరిగింది. మధ్యాహ్నానికి చలిగాలి, వాన, వడగళ్లు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. చాలామంది పలుచని బనియన్లు, నిక్కర్లతో ఉన్నారు. గాలిని ఆపే కోటు తప్పనిసరి సామగ్రి జాబితాలో లేదు. వాహనం చేరలేని ఎక్కుడు మధ్యలో చిక్కుకుని, పాల్గొన్న 172 మందిలో 21 మంది చలికి ప్రాణాలు విడిచారు. ఆ చుట్టుపక్కల గొర్రెలు మేపుకుంటున్న ఒక కాపరి ఆరుగురిని తన గుహలోకి చేర్చి, మంట వేసి బతికించాడు. వాతావరణ హెచ్చరికలు ముందే వచ్చాయని, నిర్వాహకులు వాటిని పట్టించుకోలేదని తర్వాత విచారణలో తేలింది. స్థానిక అధికారులపైనా చర్యలు తీసుకున్నారు.

మంత్రిగారూ, అడవిలో పోటీకి అనుమతి ఇచ్చే కాగితం మీద సంతకం మీ శాఖది. దయచేసి రుసుము కట్టారా లేదా అని చూసి ఇవ్వకండి. బాటలో ప్రతి భాగం నుంచీ గాయపడిన మనిషిని కిందికి మోయడానికి ఎంతసేపు పడుతుందో రాసివ్వమనండి. హెచ్చరిక వస్తే పోటీని ఆపే అధికారం ఎవరిదో పేరుతో సహా రాయించండి. ఎండాకాలమైతే వడదెబ్బ తగిలినవాళ్లను ఆసుపత్రికి తరలించే ముందే ఒళ్లు చల్లబరచాలి. దానికి ప్రతి విడిదిలో చల్లటి నీళ్లు, మంచు సిద్ధంగా ఉన్నాయో లేదో అడగండి. వీటికి జవాబు లేని నిర్వాహకులను వెనక్కి పంపితే మేమెవరం తప్పుపట్టం.

సంఖ్యకూ హద్దు పెట్టండి. అమెరికాలో సియెరా నెవాడా కొండల్లో జరిగే వెస్టర్న్ స్టేట్స్ 100 మైళ్ల పరుగుకు వేలమంది దరఖాస్తు చేసుకుంటారు. కానీ ఆ దారి ఒకచోట గ్రానైట్ చీఫ్ అనే రక్షిత అరణ్యం గుండా వెళ్తుంది కాబట్టి అక్కడి అటవీ శాఖ సగటున 369 మంది పరిమితి పెట్టింది. ఎంత పేరున్న పోటీ అయినా దానికి లోబడే నడుస్తోంది. లాటరీలో చోటు దొరికినవాళ్లు కూడా ఎనిమిది గంటలు బాటల మరమ్మతులోనో, మరో పోటీ నిర్వహణలోనో సేవ చేయాలి. మాకూ అలాంటి నియమం పెట్టండి. పార, గడ్డపార పట్టడానికి మాలో చాలామంది సిద్ధంగా ఉన్నారు. పిలిచేవాళ్లు లేక ఆగిపోయాం.

కొన్ని నెలలు బాటలు మూసేయడం కూడా అవసరమే. అమెరికాలోని యోసెమిటీ జాతీయ వనంలో పెరిగ్రిన్ డేగలు గూళ్లు కట్టే కాలంలో కొన్ని చరియలపైకి ఎక్కనివ్వరు, పిల్లలు ఎగిరిపోయాక మళ్లీ తెరుస్తారు. రాతి గుట్టల్లో గుహలు, పగుళ్లు జంతువులకు ఇళ్లు. తెల్లవారుజామున, మునిమాపువేళ అవి నీళ్లకు దిగే దారులనే మనం పరుగుకు వాడుకుంటున్నాం. 2023 ఏప్రిల్‌లో ఇటలీలోని ట్రెంటినో కొండ అడవిలో పరుగెత్తుతున్న 26 ఏళ్ల యువకుణ్ణి ఎలుగుబంటి చంపింది. ఆ తర్వాత ఆ ఎలుగును పట్టి బంధించారు. మనిషీ పోయాడు, జంతువూ స్వేచ్ఛ కోల్పోయింది. ఏ బాట ఏ వేళల్లో, ఏ నెలల్లో మూసి ఉండాలో మీ వన్యప్రాణి విభాగం చెప్తే ఆ పూటకు మేం రోడ్డు మీద పరుగెత్తుకుంటాం.

ఒక్క చిన్న ఏర్పాటు గురించి గట్టిగా అడుగుతాను. గుర్తించిన బాటల మీద ప్రతి అర కిలోమీటరుకూ ఒక అంకె ఉన్న రాయి పాతించండి. అదే అంకె ఎదురుగా అక్షాంశ రేఖాంశాలు, దగ్గర్లో వాహనం వచ్చే చోటు, మోసుకెళ్లే దారి రాసిన పట్టిక రేంజ్ కార్యాలయంలోనూ, అంబులెన్సు కేంద్రంలోనూ ఉండాలి. చీలమండ విరిగి బండ మీద పడి ఉన్నవాళ్లు తామెక్కడున్నారో చెప్పలేరు. చుట్టూ కనిపించేవన్నీ ఒకేలాంటి రాళ్లు. లోయలో ఫోను సంకేతం అందదు, తోడున్నవాళ్లు గుట్ట మీదికి ఎక్కి మాట్లాడాలి, అక్కడి నుంచి కూడా ఒక్కోసారి సగం మాటే చేరుతుంది. ఆ సగం మాటలో ఒక అంకె ఉంటే చాలు.

మొదట ఒకే ఒక్క అడవి తీసుకోండి. ఒకే ఒక్క బాట వేయండి. రెండు వర్షాకాలాలు గడిచే వరకు వెడల్పు కొలుస్తూ ఉండండి, పక్కనున్న అనధికార దారులు గడ్డి పట్టి మూసుకుంటున్నాయో లేదో ఫొటోలు తీయించండి. మూసుకోకపోతే మా విన్నపాన్ని పక్కన పెట్టవచ్చు. బాట ఎంపికకు మీ సిబ్బంది బయల్దేరే రోజు తెలియజేస్తే మేమూ వస్తాం. ఆ రోజు వానాకాలంలో, భారీ వర్షం పడిన మర్నాడు ఉండేలా చూడండి. నీరు ఏ దారిన పోతోందో నేల మీద గుర్తులు చెరిగిపోకముందే చూడవచ్చు.

ఇట్లు,
రాతి అడవుల్లో పరుగెత్తే ఒక పౌరుడు