వినే రేడియో చాలదు, మాట్లాడే రేడియో కావాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. విపత్తు హెచ్చరికలు నేరుగా సెల్‌ఫోన్లకే పంపే ఏర్పాటు గురించి మీ పత్రికలో చదివాను. 2023లో ప్రయోగంగా పంపినప్పుడు నా ఫోను కూడా కీచుమని మోగింది. మంచి ఏర్పాటే, కాదనను. అయితే ఆ మాటను మోసుకొచ్చేది సెల్ టవరు. టవరుకు కరెంటు కావాలి, కరెంటు లేకపోతే బ్యాటరీ, అది అయిపోతే డీజిల్ కావాలి, భూమిలో కేబులు తెగకుండా ఉండాలి. పెద్ద వరదలో ముందు పోయేవి ఇవే. పైగా అది వచ్చే మాటే గాని పోయే మాట కాదు. మునిగిన ఊరు తిరిగి నోరు తెరిచి “మేం ఇక్కడున్నాం” అని చెప్పుకునే దారి అందులో లేదు. ఆ దారి గురించే ఈ ఉత్తరం.

నేను కర్నూలు పాతబస్తీలో రేడియోలు, టీవీలు బాగుచేసుకుని బతికినవాణ్ని. 2009 అక్టోబర్ 2 రాత్రి మా వీధిలో వాళ్లమంతా మిద్దెల మీదే ఉన్నాం. అటు తుంగభద్ర, ఇటు హంద్రీ. శ్రీశైలానికి ఎన్నడూ లేనట్టు దాదాపు 25 లక్షల క్యూసెక్కుల నీళ్లు వచ్చి పడిన రోజులవి. కరెంటు లేదు. ఎవరి ఫోనూ కలవలేదు. పక్క మిద్దె మీద మా మామ వరసాయన, షుగరు మనిషి. ఆయన ఇన్సులిన్ కింద ఫ్రిజ్‌లో ఉంది, ఫ్రిజ్ నీళ్లలో ఉంది. “రేయ్, నువ్వు రేడియోలోడివి గదరా, ఎవరికన్నా చెప్పరా” అని ఆయన భార్య నన్ను అడిగింది. నా చేతిలో ఉన్నది రెండు సెల్లుల ట్రాన్సిస్టర్. అందులో వార్తలు స్పష్టంగా వస్తున్నాయి. కర్నూలు మునిగిందని మా ఊరి సంగతి మాకే చెబుతోంది ఆకాశవాణి. తిరిగి దానికి మేం ఒక్క మాట చెప్పలేకపోయాం. పడవ వచ్చి ఆయన్ను ఆస్పత్రికి చేర్చేసరికి స్పృహ లేదు. దేవుడి దయవల్ల బతికాడు.

నీళ్లు తీశాక అంగడి షట్టరు ఎత్తితే మోకాలి లోతు బురద. బాగుచేయమని జనం ఇచ్చిపోయిన సెట్లన్నీ అందులోనే ఉన్నాయి. ఒక పాత వాల్వుల రేడియో విప్పితే స్టేషన్లు మార్చే గ్యాంగ్ కండెన్సర్ రేకుల సందుల్లో ఒండ్రు గట్టిపడి ముల్లు కదల్లేదు. దాన్ని బ్రష్షుతో గీకుతూ కూర్చున్నప్పుడే నాకు తట్టింది. ముప్పయ్యేళ్లు నేను బాగుచేసినవన్నీ చెవులే, ఒక్క నోరు కూడా లేదు. మామూలు మనుషులు లైసెన్సు తీసుకుని నడుపుకునే, వినడమే కాక మాట్లాడే రేడియో ఒకటుంది, దాన్ని హ్యామ్ రేడియో అంటారు, నడిపేవాళ్లను హ్యామ్‌లంటారు. తర్వాత ఏడాది పుస్తకాలు పట్టుకుని దాని పరీక్ష రాశాను. పాసయ్యాక లైసెన్సు చేతికి రావడానికి ఏడాదిన్నర పట్టింది. దాని సంగతి తర్వాత చెబుతాను.

హ్యామ్ రేడియో అంటే ఏదో కాలక్షేపం అనుకునేవాళ్లు మన జిల్లాలో చాలామంది. 2001లో గుజరాత్ భూకంపం వచ్చినప్పుడు మాటలు చేరవేసినవాళ్లలో హ్యామ్‌లూ ఉన్నారు. 2004 డిసెంబరులో భారతీ ప్రసాద్ గారనే హ్యామ్ తన బృందంతో అండమాన్‌లోని పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్నారు. ఆమె వెళ్లింది ప్రపంచంలోని తోటి హ్యామ్‌లతో మాట్లాడటానికి. 26వ తేదీ పొద్దున సునామీ వచ్చింది. సరదాకు తీసుకెళ్లిన అవే సెట్లతో ఆమె రాత్రీ పగలూ కూర్చుని, ఎవరు బతికున్నారో మెయిన్‌లాండ్‌లోని వాళ్ల బంధువులకు కబురు అందించారు. ఆ రోజు అక్కడ సెట్టు ఉంది, దాన్ని వాడటం వచ్చిన మనిషీ ఉంది. 2009లో మా వీధిలో ఈ రెండూ లేవు.

పోలీసులకు వైర్‌లెస్ ఉంది కదా అంటారు. ఉంది. అయితే చేతిలో పట్టుకునే ఆ సెట్ల తరంగాలు చూపు పోయినంత మేరకే పోతాయి. కొండ అడ్డం వస్తే ఆగిపోతాయి. దూరం పోవాలంటే గుట్ట మీద మాటను అందుకుని మళ్లీ పంపే రిపీటర్ కావాలి, దానికి మళ్లీ కరెంటు కావాలి. ఆత్మకూరు దాటి శ్రీశైలం ఘాటు ఎక్కినవాళ్లకు ఫోనులో గీతలు ఎట్లా మాయమవుతాయో తెలుసు. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి హెలికాప్టరే నల్లమలలో ఆచూకీ లేకుండా పోతే, ఎక్కడుందో తెలియక రాష్ట్రమంతా తెల్లవార్లూ కాచుకుంది.

హ్యామ్‌లు వాడే షార్ట్‌వేవ్ వేరు. 7 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగాన్ని నెత్తి మీదికి నిటారుగా వదిలితే రెండు మూడు వందల కిలోమీటర్ల ఎత్తున ఉన్న అయనోస్ఫియర్ అనే ఆకాశపు పొర దాన్ని కిందికి వంచుతుంది. నీళ్ల పైపును ఆకాశానికి ఎత్తి పట్టుకుంటే జల్లు చుట్టూ పడుతుంది చూడండి, అట్లా మూడు నాలుగు వందల కిలోమీటర్ల మేర అన్ని దిక్కులా పడుతుంది. నల్లమల అడ్డం కాదు, ఎర్రమల అడ్డం కాదు. పగలు 7 మెగాహెర్ట్జ్, పొద్దుగూకాక 3.5 వాడుకుంటే కర్నూలు, కడప, అనంతపురం, హైదరాబాద్, బెంగళూరు అన్నీ ఆ జల్లు కిందికే వస్తాయి. మధ్యలో టవరు లేదు, కంపెనీ లేదు, నెలనెలా రీచార్జి లేదు.

దీనికి పెద్ద హంగు కావాలేమో అనుకుంటారు. నా ఏరియల్ అంటే రాగి తీగ, అంతే. ఒక్కో చేయి 10 మీటర్లు, మొత్తం 20. ఒక కొస వేపచెట్టుకు, ఇంకో కొస నీళ్ల ట్యాంకు పైపుకు కట్టాను. మధ్యలో జానెడు పీవీసీ ముక్క. అది నేలకు నాలుగైదు మీటర్ల ఎత్తులో ఉన్నా చాలు, దగ్గరి జిల్లాలకు అదే మేలు. సెట్టు 12 వోల్టులది, శక్తి 5 వాట్లు. మోటారుసైకిలు బ్యాటరీతో నడుస్తుంది, ఆ బ్యాటరీని నింపడానికి చిన్న సోలార్ పలక ఉంది. ఎండకు మన సీమలో కరువు లేదు. హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ గారు బిట్‌ఎక్స్ అనే సెట్టును మామూలు విడిభాగాలతో ఎవరైనా ఇంట్లోనే కట్టుకునేలా తయారుచేసి, ఆ నమూనాను అందరికీ ఇచ్చేశారు. టంకం పెట్టడం వచ్చిన పాలిటెక్నిక్ పిల్లలు దాన్ని కట్టగలరు. గొంతు వినబడనంత గోల ఉన్నప్పుడు అక్షరాలను టకటకలుగా పంపే మోర్స్ కోడ్ అందుకుంటుంది. ఆ టకటకలు నేర్చుకోవడానికి యాభై దాటిన నాకు ఆరు నెలలు పట్టింది, పిల్లలకు అంత పట్టదు.

వరద రెండు మూడు రోజుల్లో తీసింది కాబట్టి తట్టుకున్నాం. నా భయం అంతకంటే పెద్దది. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూలి 60 కోట్ల మందికి పైగా ఉన్న ప్రాంతం చీకటైంది. 1989 మార్చిలో సూర్యుడి తుఫాను దెబ్బకు కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో 9 గంటలు కరెంటు పోయింది. అట్లాంటి దెబ్బ ఇంకా గట్టిగా తగిలి నెలల తరబడి కరెంటూ ఫోన్లూ లేకుండా పోతే? మిగిలినవాళ్లకు తిండీ నీళ్ల తర్వాత కావలసింది కబురే. ఏ ఊళ్లో మందులున్నాయి, ఏ దారి తెగింది, పక్క జిల్లాలో ఎవరున్నారు అనే కబురు. సూర్యుడి తుఫాను షార్ట్‌వేవ్‌ను కూడా కొన్ని గంటలు, ఒక్కోసారి ఒకటి రెండు రోజులు చెడగొడుతుంది. ఆ తర్వాత ఆ ఆకాశపు పొర దానంతటదే కుదురుకుంటుంది. దాన్ని బాగుచేయడానికి మెకానిక్ అక్కర్లేదు.

కాబట్టి జిల్లా యంత్రాంగాన్ని అడిగేది ఇది. ప్రతి మండల కేంద్రంలో ఒక షార్ట్‌వేవ్ సెట్టు, బ్యాటరీ, సోలార్ పలక ఉండాలి. అవి తహసీల్దారు ఆఫీసులో కింది గదిలో కాదు, మిద్దె మీద గదిలో ఉండాలి. సెట్టు కొని బీరువాలో పెట్టి తాళం వేస్తే మాత్రం లాభం లేదు. మండలానికి కనీసం నలుగురు లైసెన్సు ఉన్న మనుషులు కావాలి. సచివాలయ ఉద్యోగులున్నారు, ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలున్నారు. సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో చేసి వచ్చి ఊళ్లో వ్యవసాయం చేసుకుంటున్న మాజీ సైనికులు మన సీమ పల్లెల్లో ఉన్నారు, ముందు వాళ్లను పిలవండి. హైదరాబాద్‌లో 1983 నుంచి జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉంది, శిక్షణకు దాని సాయం అడగవచ్చు. పన్నెండేళ్లు నిండిన పిల్లలు కూడా ఈ పరీక్ష రాయవచ్చు.

ఏటా అక్టోబర్ 2న ఒక్క గంట అన్ని మండలాలూ ఫోను ముట్టకుండా రేడియోలోనే కలెక్టరేటుతో మాట్లాడాలి. ఎవరు, ఎక్కడ, ఎంతమంది, ఏం కావాలి, ఈ నాలుగూ చెప్పి, అవతలివాళ్లు తిరిగి చదివి వినిపించాక టైముతో సహా పుస్తకంలో రాసుకోవాలి. వినడానికి తేలిక. గోలలో “పదిహేను”, “పదహారు” ఎట్లా కలిసిపోతాయో, ఒక్కో అంకె విడదీసి “ఒకటి, ఐదు” అని ఎందుకు చెప్పాలో కూర్చుంటేనే తెలుస్తుంది.

ఇక లైసెన్సు మాట. ఈ సెట్లు చెడ్డవాళ్ల చేతిలో పడతాయని అధికారుల జంకు. హ్యామ్‌కు రహస్య భాష నిషేధం. మాట్లాడే ప్రతిసారీ తనకిచ్చిన గుర్తు పేరు, అంటే కాల్‌సైన్ చెప్పాలి, ఎవరైనా వినవచ్చు. పోలీసు విచారణ చేయండి, తప్పులేదు. పాసైన కుర్రాడిని ఏడాదిన్నర తిప్పితే వాడికి ఉత్సాహం చస్తుంది. నాతోపాటు పరీక్ష రాసిన ముగ్గురిలో ఇద్దరు అట్లాగే వదిలేశారు. గడువు పెట్టి ఇవ్వమని కేంద్ర టెలికాం శాఖను మన ఎంపీలు అడగాలి.

ప్రతి ఆదివారం పొద్దున ఏడు గంటలకు నేను సెట్టు పెడతాను. బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ పలుకుతాయి. కర్నూలు జిల్లా నుంచి నాకు జవాబిచ్చేవాళ్లు చాలా అరుదు. పాతబస్తీలో పాత రేడియో అంగడి అంటే ఎవరైనా చూపిస్తారు. నేర్చుకోవాలనుకునే పిల్లలు ఒక నోటుపుస్తకం, పెన్సిలు తెచ్చుకుంటే చాలు, డబ్బు వద్దు. పక్క మిద్దె మామ కూడా వస్తాడు, ఆయనకు ఇప్పుడు మోర్స్‌లో తన పేరు కొట్టడం వచ్చు.

ఇట్లు,
ఒక రేడియో మెకానిక్,
పాతబస్తీ, కర్నూలు