మైనం బిళ్ళ మోసిన బావకి, స్లైడ్ చూసిన మేడమ్ గారికి

మా బాబుకి ఆరో నెల వచ్చింది. రోజూ మామూలుగా దొడ్డికి వెళ్తున్నాడు. మా ఇంట్లో ఇంతకంటే పెద్ద శుభవార్త లేదు.

పుట్టిన పిల్లలు 48 గంటల్లోపు నల్లటి మొదటి మలం వదలాలి. మావాడు మూడో రోజుకీ వదల్లేదు. పొట్ట డప్పులా ఉబ్బింది, పచ్చటి వాంతులు. మొదట చూపించిన చోట గ్యాస్ అని చుక్కల మందిచ్చి పంపేశారు. మా అత్తయ్య ఊరుకోలేదు. ఆ రాత్రే ఆమదాలవలస నుంచి ఆటో పెట్టించి శ్రీకాకుళం తీసుకొచ్చారు. అత్తయ్యా, మొదటి దండం మీకే.

అక్కడ హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధి అని అనుమానించారు. పెద్దపేగు చివర ఉండాల్సిన గాంగ్లియాన్ అనే నరాల కణాలు తల్లి కడుపులో ఉండగానే అక్కడిదాకా చేరవు. అవి లేని చోట పేగు బిగుసుకుపోయి మలాన్ని ముందుకు పోనివ్వదు. సుమారు 5,000 మంది పిల్లల్లో ఒకరికి వస్తుందట. తేల్చడానికి పేగు లోపలి నుంచి చిన్న ముక్క తీశారు. మామూలు స్లైడ్‌లో ఆ కణాలు కనిపించలేదు. నిజంగా లేవా, ముక్క లోతుగా రాక దొరకలేదా? మళ్ళీ తీస్తారేమోనని నా భార్య ఒకటే ఏడుపు.

అప్పుడు ముక్కల్ని మైక్రోస్కోప్‌లో చూసి జబ్బు తేల్చే పాథాలజీ మేడమ్ గారు “ఉన్న ముక్క మీదే కాల్‌రెటినిన్ చేయిద్దాం” అన్నారు. అది కాల్షియాన్ని పట్టుకునే ప్రోటీన్. దానికే అంటుకునే మోనోక్లోనల్ యాంటీబాడీ వేస్తే, ప్రోటీన్ ఉన్నచోట గోధుమరంగు తేలేలా చేయొచ్చు. బాగున్న పేగులో పైపొరలోని సన్నటి నరాల పోగుల్లోనూ అది ఉంటుంది కాబట్టి, లోతు లేని ముక్కయినా పనికొస్తుంది. ఒకే కణం సంతతి నుంచి ఒకే రకం యాంటీబాడీ తీసే పద్ధతిని 1975లో కోలర్, మిల్‌స్టీన్ అనే ఇద్దరు కనిపెట్టారట. వాళ్ళకీ దండం.

ఆ పరీక్ష చేసే ల్యాబ్ విశాఖలో ఉంది. మైనంలో పోసిన ముక్క అగ్గిపెట్టె కంటే చిన్నది. మే నెల ఎండ. మా బావ దాన్ని సంచిలో చల్లటి నీళ్ళ సీసా పక్కన పెట్టుకుని, శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో తెల్లారి రైలెక్కాడు. ఇక్కడ సిస్టర్లు రోజూ బాబు పేగు కడుగుతూ పొట్ట ఉబ్బకుండా కాపాడారు.

రంగు రాకపోతే జబ్బున్నట్టు. కానీ ఆ యాంటీబాడీ పనిచేయకపోయినా రంగు రాదు కదా? ల్యాబ్ టెక్నీషియన్ తమ్ముడికి ఫోన్ చేసి ఇదే అడిగాను. విసుక్కోలేదు. బాగున్న అపెండిక్స్ ముక్కని మావాడి ముక్కతో పాటు అదే స్లైడ్ మీద పెట్టానని చెప్పి, రెండు ఫోటోలు పంపాడు. అపెండిక్స్‌లో గోధుమరంగు పోగులు స్పష్టంగా ఉన్నాయి. మావాడి ముక్కలో ఒక్కటీ లేదు. అది చూశాకే నాకు ధైర్యం వచ్చింది, ఆపరేషన్ కాగితాల మీద సంతకం పెట్టాను. నరాల కణాలు లేని భాగం తీసేసి, బాగున్న పేగుని కిందికి లాగి కుట్టారు. సర్జన్ గారికి, మత్తు డాక్టర్ గారికి మా కుటుంబమంతా రుణపడి ఉంది.

మేడమ్ గారూ, అన్నప్రాశనలో మొదటి ముద్ద మీ చేత్తో పెట్టించాలని అత్తయ్య కోరిక. మీకు ఏ రోజు వీలవుతుందో చెబితే ఆ రోజే పెట్టుకుంటాం. తమ్ముడూ, నువ్వూ రావాలి. బావ స్టేషన్‌కి వస్తాడు.