సంగీత శ్రవణ విభాగం వార్షిక నివేదిక, 2024: డెట్రాయిట్ పక్కవాద్యకారులు

సభ్యులందరికీ నమస్కారం. డెట్రాయిట్ పరిసరాల్లోని మన తెలుగు సంఘానికి అనుబంధంగా నడుస్తున్న సంగీత శ్రవణ విభాగం 2024లో చేపట్టిన కార్యక్రమాలను ఈ నివేదికలో మీ ముందుంచుతున్నాము. అమెరికా నల్లజాతివారి నుంచి పుట్టిన జాజ్, సోల్ సంగీతాలను పాత రికార్డుల నుంచి నేటి కళాకారుల దాకా కలిసి వినడం ఈ విభాగం పని. ఇంతకు ముందు శ్రవణ సభల్లో పేరున్న గాయకుల వెంటే నడిచాము. ఈ ఏడాది మాత్రం రికార్డు అట్ట మీద పేరు పడనివారిని, మన కచేరీ మాటలో చెప్పాలంటే పక్కవాద్యం వాయించేవారిని, ముందు వరుసలో కూర్చోబెట్టాలని కార్యవర్గం నిర్ణయించింది. మనం కాపురముంటున్న ఈ ఊరు ప్రపంచ సంగీతానికి ఇచ్చినదాంట్లో వారి వాటాయే ఎక్కువని మా అభిప్రాయం.

వసంతకాలంలో సభ్యులు కుటుంబాలతో వెస్ట్ గ్రాండ్ బులెవార్డ్‌లోని మోటౌన్ మ్యూజియం చూసి వచ్చారు. బెర్రీ గోర్డీ 1959 జనవరిలో తన కుటుంబం ఉమ్మడిగా కూడబెట్టుకున్న నిధి నుంచి 800 డాలర్లు అప్పు తీసుకుని ప్రారంభించిన మోటౌన్ రికార్డు కంపెనీకి ఈ 2648 నంబరు ఇల్లే తొలి ప్రధాన కార్యాలయం. ఆయన అక్కగారు ఎస్తర్ గోర్డీ ఎడ్వర్డ్స్ పట్టుబట్టి 1985లో దీన్ని మ్యూజియంగా నిలబెట్టారు. స్టూడియో ఏ అనే గది మన ఇళ్లలోని బేస్‌మెంట్ హాలు కంటే పెద్దదేమీ కాదు. రికార్డింగును నియంత్రించే పక్క గదిలో, అక్కడ పనిచేసినవారు తాళానికి పాదం ఆడించీ ఆడించీ నేల అరిగిపోయిన చోటును సందర్శకులకు చూపిస్తారు. పిల్లలు గోడల మీది ఫోటోల కంటే ఆ అరుగుదల దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డారు.

ఆ గదిలో మోటౌన్ పాటలకు వాయించిన ఫంక్ బ్రదర్స్ అనే వాద్యబృందంలో చాలామంది జాజ్ విద్వాంసులు. స్టూడియోలో సోల్ పాటలు వాయించి, అది ముగిశాక క్లబ్బులకు వెళ్లి జాజ్ వాయించేవారు. కాబట్టి ఈ రెండు సంగీతాలను వేర్వేరు అరల్లో సర్దడం దుకాణాలవారి సౌకర్యమే తప్ప, వాయించినవారి జీవితంలో అలాంటి గోడ ఏదీ లేదు. టెంప్టేషన్స్ బృందం 1964లో విడుదల చేసిన ‘మై గర్ల్’ పాటను మొదటి శ్రవణ సభలో ముక్కలు ముక్కలుగా ఆపి మళ్లీ మళ్లీ విన్నాము. ముందుగా జేమ్స్ జేమర్సన్ వాయించిన, మంద్ర స్వరాలు పలికే బేస్ గిటార్ ఒంటరిగా వినిపిస్తుంది; దాని మీద రాబర్ట్ వైట్ గిటార్ ఆరు స్వరాలతో మెట్లెక్కుతుంది. ఆ ఆరు స్వరాలు స రి గ ప ద స, అంటే అచ్చంగా మోహన ఆరోహణ. సంగీతం నేర్చుకుంటున్న ఒక అమ్మాయి దాన్ని అక్కడికక్కడే వీణ మీద పలికించింది. గమకం లేనిదే అది రాగం కాదని ఒక పెద్దాయన అభ్యంతరం చెప్పారు. ఆ మాట నిజమే గనుక దీన్ని పోలికగా తప్ప చుట్టరికంగా ఎవరూ భావించరాదని మనవి.

జేమర్సన్ గురించి కొంత వివరంగా చెప్పవలసి ఉంది. దక్షిణ కరొలైనాలో 1936లో పుట్టి, యుక్తవయసులో డెట్రాయిట్ వచ్చి, ఇక్కడ నిలువు బేస్ మీద జాజ్ నేర్చుకున్న ఆయన, విద్యుత్ బేస్‌ను ప్రధానంగా చూపుడు వేలు ఒక్కదానితోనే మీటేవారు. మోటౌన్ గాయనీ బృందం సుప్రీమ్స్ పాడిన ‘యూ కాంట్ హర్రీ లవ్’లో గాత్రాన్ని వదిలేసి బేస్‌ను మాత్రమే వినమని సభ్యులను కోరినప్పుడు, ఆ పాటను ఎన్నో ఏళ్లుగా ఎరిగినవారు కూడా కొత్త పాట విన్నట్టుందన్నారు. ఇంత చేసినా మోటౌన్ రికార్డుల మీద వాద్యకారుల పేర్లు ఏళ్ల తరబడి అచ్చు కాలేదు. 1971 మే నెలలో వచ్చిన మార్విన్ గే ఆల్బమ్ ‘వాట్స్ గోయింగ్ ఆన్’ అట్ట మీద ఆ పేర్లు కనిపించాయి. మరుసటి ఏడాదే కంపెనీ లాస్ ఏంజిలెస్‌కు తరలిపోవడంతో, గుర్తింపు రావడం, ఉపాధి పోవడం వెంటవెంటనే జరిగాయి. జేమర్సన్ 1983లో కన్నుమూశారు.

జాజ్ వైపు మేము ఎంచుకున్నది ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ బృందం 1959లో న్యూయార్క్‌లో రికార్డు చేసిన ‘కైండ్ ఆఫ్ బ్లూ’. ఇందులో బేస్ వాయించిన పాల్ ఛాంబర్స్ డెట్రాయిట్‌లో పెరిగి, ఈ ఊరి కాస్ టెక్నికల్ హైస్కూల్‌లో చదివినవాడు. ‘సో వాట్’ అనే మొదటి రచనలో పల్లవి బేస్‌దే. పియానో, ఊదే వాద్యాలు దానికి రెండేసి దెబ్బలతో బదులు చెబుతాయి. పదహారు బార్ల (తాళ ఆవర్తాల) పాటు నడిచే స్వరశ్రేణి మన ఖరహరప్రియ మేళంతో సరిపోతుంది. ఆపై ఎనిమిది బార్లకు మొత్తం వ్యవహారం అర స్వరం పైకి జరిగి, తిరిగి ఎనిమిది బార్లకు మొదటి చోటికి దిగుతుంది. ఆధార షడ్జం కచేరీ అంతా కదలని అలవాటున్న మన చెవికి ఈ జరుగుడు మొదట తడబాటుగా తోస్తుంది, కాని రెండోసారి వినేసరికి దానికోసమే ఎదురుచూస్తాము. డేవిస్ బృందంలో 1963 నుంచి బేస్ వాయించిన రాన్ కార్టర్ కూడా కాస్ టెక్ విద్యార్థే. ఒక ప్రభుత్వ పాఠశాల సంగీత తరగతి ఎంత పని చేయగలదో, పాఠశాలల బడ్జెట్ సమావేశాలకు వెళ్లే తల్లిదండ్రులు గుర్తుంచుకోవాలని కార్యవర్గం కోరుతోంది.

సోల్ గాయని అరీథా ఫ్రాంక్లిన్ మీద జరిగిన సభకు అన్ని సభలకంటే ఎక్కువమంది వచ్చారు. ఆమె ఇక్కడే తండ్రిగారి న్యూ బెతెల్ బాప్టిస్ట్ చర్చిలో పాడుతూ పెరిగారు. ఆ చర్చి మొదట ఉన్న హేస్టింగ్స్ వీధి, దానితోపాటు నల్లజాతివారి ఇళ్లు, దుకాణాలు, జాజ్ క్లబ్బులు ఉన్న పేటలు హైవే నిర్మాణంలో నేలమట్టమయ్యాయి. మనం రోజూ ఆఫీసులకు వెళ్లే దారుల్లో ఆ రోడ్డు కూడా ఒకటి. ఈ సంగతి సభ్యుల్లో చాలామందికి కొత్తగా తెలిసింది.

ఈ ఏడాది అన్నిటికంటే ఎక్కువ చర్చ జరిగింది ఆలిస్ కోల్ట్రేన్ గురించి. 1937లో డెట్రాయిట్‌లో పుట్టి, చర్చిలో ఆర్గన్ వాయించి, 1966 నుంచి శాక్సఫోన్ విద్వాంసుడైన భర్త జాన్ కోల్ట్రేన్ బృందంలో పియానో సహకారం అందించిన ఆమె, 1967లో ఆయన మరణించాక హార్ప్ అనే తీగల వాద్యం చేతబట్టి స్వయంగా ముందుకొచ్చారు. ‘జర్నీ ఇన్ సచ్చిదానంద’లో తంబూరా శ్రుతి మీద సెసిల్ మెక్‌బీ బేస్ ఒకే వరుసను తిప్పి తిప్పి వాయిస్తుంటే, ఆమె హార్ప్, ఫారో శాండర్స్ శాక్సఫోన్ దాని మీద విస్తరిస్తాయి. 1971లో కార్నెగీ హాలులో ఆమె చేసిన కచేరీ రికార్డు ఈ ఏడాదే పూర్తిగా విడుదల కావడం మాకు కలిసివచ్చింది. కాలిఫోర్నియాలో ఆశ్రమం స్థాపించి, పుట్టపర్తి సత్యసాయి బాబాను ఆరాధించి, సంస్కృత భజనలను చర్చి పాటల ఊపుతో పాడిన ఆమె రికార్డింగులు వినిపించినప్పుడు, భజన మండలి పెద్దలు కొందరు గొంతు కలిపారు. 2021లో వెలువడిన ‘కీర్తన్: తురియా సింగ్స్’లో ఆమె గొంతు, ఆర్గన్ తప్ప మరేమీ లేవు, తొలిసారి వినేవారు దానితో మొదలుపెట్టడం మేలు.

నేటి కళాకారుల సభ వయొలిన్‌తో నడిచింది. కాస్ టెక్‌లోనే చదివిన రెజీనా కార్టర్ 2001లో ఇటలీలోని జెనోవాలో, పాతకాలపు ప్రఖ్యాత వయొలిన్ విద్వాంసుడు పాగనీనీ వాడిన వయొలిన్‌ను వాయించిన తొలి జాజ్ కళాకారిణి. పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌కు సొంత కచేరీ గౌరవం తెచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని తలచుకోకుండా ఆ సభ సాగలేదు. 1999లో పుట్టిన గాయని సమారా జాయ్‌ని కూడా విన్నాము. డెట్రాయిట్ ఇంట్లోనే యువకులకు పియానో పాఠాలు చెప్పి, 2021లో మరణించేదాకా న్యూయార్క్‌లో బోధన మానని బ్యారీ హ్యారిస్ శిష్యరికం ఆమెకు దక్కింది. 2023లో గ్రామీ ఉత్తమ నూతన కళాకారిణి పురస్కారం వచ్చినప్పుడు ఆ గురువుగారి పేరును ఇక్కడివారు గర్వంగా చెప్పుకున్నారు.

లేబర్ డే సెలవుల్లో నగరంలో ఉచితంగా జరిగే జాజ్ ఉత్సవానికి సభ్యులు బృందంగా వెళ్లారు. 1934 నుంచి నడుస్తున్న బేకర్స్ కీబోర్డ్ లౌంజ్ అనే జాజ్ క్లబ్బుకు పెద్దలు మాత్రమే వెళ్లి, పియానో ఆకారంలో కట్టిన బల్ల దగ్గర కూర్చుని కచేరీ విన్నారు. మనం అద్దెకు తీసుకున్న ఒక హాలులో స్పీకర్లు బేస్ స్వరాలను పూర్తిగా మింగేయడంతో, బేస్ గురించి ఏర్పాటు చేసిన సభను మధ్యలో ఆపవలసి వచ్చింది. ఇకపై సంఘం సొంత స్పీకర్లనే వాడతాము. ఆదాయవ్యయాలు కోశాధికారి నివేదికలో విడిగా ఉన్నాయి.

2025లో మోటౌన్ పాటల వెనుక గొంతు కలిపి, అట్ట మీద పేరు లేకుండా మిగిలిన ఆండాంటెస్ బృందంతో సభలు ప్రారంభమవుతాయి. జాకీ హిక్స్, మార్లీన్ బారో, లూవేన్ డెంప్స్ గొంతులను విడివిడిగా గుర్తుపట్టే అభ్యాసం మొదటి సభలో ఉంటుంది. విభాగం నుంచి రికార్డులు తీసుకువెళ్లినవారు సర్వసభ్య సమావేశం నాటికి వాటిని అట్టలతో సహా తిరిగి ఇవ్వవలసిందిగా కోరుతున్నాము.