జీవో 77 ఇంకా బతికే ఉంది సార్: ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి ఒక అక్క బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

ఇది మీకు నేను రాస్తున్న నాలుగో అర్జీ సార్. ముందు మూడూ పద్ధతిగా తెల్ల కాగితం మీద రాసి, రెండు సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చా, ఒకటి రిజిస్టర్డ్ పోస్టులో పంపా. గ్రీవెన్స్‌లో ఇచ్చిన రెండిటికీ మీ అర్జీ పరిష్కరించబడినది అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో మాకైతే తెలీలేదు, ఇంట్లో అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పోస్టులో పంపినదానికి అదీ లేదు. అందుకే నలుగురూ చూసేలా ఇక్కడ రాస్తున్నా, తప్పుగా అనుకోవద్దు.

జీవో 77 అంటే ఏంటో మీకు నేను చెప్పక్కర్లేదు, చదివేవాళ్ల కోసం చెప్తున్నా: మన ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేట్ కాలేజీల్లో పీజీ చదివే పిల్లలకి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపేసిన జీవో అది. 2020 డిసెంబర్ 25న వచ్చింది. మీరు తెచ్చింది కాదు, ఒప్పుకుంటా. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు దాన్ని మాకంటే మీరే బాగా తిట్టారు, పాదయాత్రలో పిల్లలు అడిగితే మేం రాగానే రద్దు చేస్తాం అన్నారు. ఆ వీడియో మా చెల్లి స్టేటస్ పెట్టుకుంది సార్. అప్పుడది డిగ్రీ చదువుతోంది. ఇప్పుడు డిగ్రీ అయిపోయింది, మీ ప్రభుత్వం వచ్చి ఏడాది దాటింది, జీవో మాత్రం ఉంది.

నా సంగతి ముందు చెప్తా. నాకు 2021లో డిగ్రీ అయింది, బీజడ్సీ, అంటే బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. అప్పటిదాకా ఏ యూనివర్సిటీ ఎంట్రన్స్ అది పెట్టుకునేది, ఆ ఏడాదే రాష్ట్రమంతటికీ కలిపి పీజీసెట్ మొదలుపెట్టారు, పరీక్ష అక్టోబర్లో జరిగింది. నేను కెమికల్ సైన్సెస్ రాశా. బీజడ్సీ వాళ్లకి మ్యాథ్స్, ఫిజిక్స్ కూడా చదివిన ఎంపీసీ వాళ్లతో పోటీ, ఫిజికల్ కెమిస్ట్రీ దగ్గర మేం కొంచెం వెనకపడతాం, అయినా ర్యాంకు పర్లేదనిపించింది. ఆర్గానిక్ కెమిస్ట్రీ సీటు ఒక ప్రైవేట్ కాలేజీలో వచ్చింది. అలాట్‌మెంట్ ఆర్డర్ పట్టుకుని వెళ్తే ఆఫీసులో సారు ఫీజు ఎంతో చెప్పి, రీయింబర్స్‌మెంట్ మాకు లేదమ్మా అన్నాడు. మూడేళ్లు డిగ్రీ కూడా ప్రైవేట్ కాలేజీలోనే చదివా, అక్కడ వచ్చింది కదా సార్ అంటే, అది డిగ్రీ ఇది పీజీ అన్నాడు. అంతే, ఆర్డర్ మడిచి బ్యాగులో పెట్టుకుని బస్సెక్కా. తర్వాతి వారం మా ఊరి పక్కన ఒక ప్రైవేట్ స్కూల్లో సైన్సు చెప్పడానికి చేరా. ఈరోజుకీ అదే పని. జూనియర్ లెక్చరర్ అవ్వాలని ఉండేది, దానికి పీజీ ఉండాలి.

సరే నాదంటే అయిపోయింది. ఈ ఏడాది, అంటే 2025లో, చెల్లి వంతు.

అదీ బీజడ్సీనే, అదీ కెమికల్ సైన్సెస్‌నే, నా పాత నోట్సుతోనే చదివింది. జూన్‌లో పరీక్ష రాసింది, అదే నెల ఆఖర్లో రిజల్ట్ వచ్చింది. కౌన్సెలింగ్ మొదలయ్యేసరికి సెప్టెంబర్. మధ్యలో ఆ రెండు నెలలు పిల్ల ఏం చెయ్యాలి సార్? రోజూ పొద్దున్నే వెబ్‌సైట్ ఓపెన్ చేసి చూడటం, మధ్యాహ్నం మళ్లీ చూడటం. నాతో పాటు చదివినవాళ్ల చెల్లెళ్లు తమ్ముళ్లు కొంతమంది విసుగొచ్చి హైదరాబాద్ ఫార్మా కంపెనీల్లో ప్రొడక్షన్ షిఫ్టులకి వెళ్లిపోయారు. బీఎస్సీకి అదే పని దొరుకుద్ది, ఆర్ అండ్ డీలోకి వెళ్లాలంటే ఎమ్మెస్సీ ఆర్గానిక్ అడుగుతారు, మళ్లీ అక్కడికే వచ్చాం చూశారా.

వెబ్ ఆప్షన్లు ఎలా పెట్టామో కూడా చెప్తా, ఎందుకంటే ప్రైవేట్ కాలేజీ ఎందుకు పెట్టుకున్నారు యూనివర్సిటీలో చేరొచ్చుగా అని అంటారని తెలుసు, అన్నారు కూడా. మాది ప్రకాశం జిల్లా పడమటి వైపు, నెల్లూరు బార్డర్‌కి దగ్గర. మేం ఏయూ, అంటే ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా లోకల్, నెల్లూరేమో ఎస్వీయూ, అంటే తిరుపతి శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ ఏరియా కిందకి వస్తుంది. అంటే నెల్లూరు యూనివర్సిటీలో మేం నాన్‌లోకల్, 85 శాతం సీట్లు వాళ్లకే, మిగిలిన 15 శాతంలో అందరితో కలిసి కొట్టుకోవాలి. సరే రూల్ రూలే. ఒంగోలు పెట్టాం, నాగార్జున పెట్టాం, మచిలీపట్నం పెట్టాం, రాజమండ్రి పెట్టాం, చివరికి వైజాగ్ కూడా పెట్టాం, ఆడపిల్లని అంత దూరం ఎలా పంపుతారని మా నాన్న అంటే నేనే పోట్లాడి పెట్టించా. యూనివర్సిటీ కాలేజీల్లో ఆర్గానిక్ సీట్లు మా ర్యాంకు దగ్గరికి రాకముందే అయిపోయాయి. అన్నిటికన్నా కింద పెట్టిన ప్రైవేట్ కాలేజీలో సీటొచ్చింది.

ఇక్కడ నాకొకటి అర్థం కాదు సార్. ఆ కాలేజీకి పర్మిషన్ ఇచ్చింది ఎవరు, అఫిలియేషన్ ఇచ్చింది ఎవరు, ఆప్షన్ల లిస్టులో ఆ పేరు పెట్టింది ఎవరు, కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకు చూసి కౌన్సెలింగ్‌లో, మా చెల్లికి ఆ సీటు ఇచ్చింది ఎవరు? అన్నీ ప్రభుత్వమే. మేమేం మేనేజ్‌మెంట్ కోటాలో కొనుక్కోలేదు. అన్నీ మీరే ఇచ్చి, ఫీజు దగ్గరికి రాగానే అది ప్రైవేట్ కాలేజీ అంటారు. బీటెక్‌కి పనికొచ్చిన ప్రైవేట్ కాలేజీ ఎమ్మెస్సీకి ఎందుకు పనికిరాదో ఎవరైనా చెప్తే వింటా. క్వాలిటీ లేదంటారా, అయితే అఫిలియేషన్ తీసెయ్యండి, లిస్టులోంచి ఎత్తెయ్యండి, మేం ఆ ఆప్షన్ పెట్టనే పెట్టం.

ఒకాయన, పేరొద్దులెండి, డిస్టెన్స్‌లో చేయించమ్మా ఖర్చు తక్కువ అని సలహా ఇచ్చాడు. ఆర్గానిక్ కెమిస్ట్రీ డిస్టెన్స్‌లోనట. ల్యాబ్‌లో రోజూ నిలబడి చెయ్యకపోతే ఆ చదువు దేనికి సార్, వంటింట్లో రిఫ్లక్స్ పెట్టమంటారా?

ఇంకో మాట, ఇది మీకు చిన్న విషయంలా అనిపించొచ్చు. కొత్త కాలేజీలో చేరాలంటే టీసీ కావాలి కదా, దానికోసం డిగ్రీ కాలేజీకి వెళ్తే, మీ ఫీజు గవర్నమెంట్ నుంచి ఇంకా మాకు పూర్తిగా రాలేదు, ముందు మీరు కట్టండి, వచ్చాక మీకు తిరిగి ఇస్తాం అన్నారు. ఇస్తారో లేదో ఆ దేవుడికి తెలియాలి. నాన్న పొగాకు ఆకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర కూలి, సీజన్ అయిపోయి చేతిలో ఏమీ లేదు, మేస్త్రి దగ్గర అడ్వాన్సు తెచ్చి కట్టాడు. అంటే వచ్చే సీజన్ పని ఇప్పుడే అమ్మేసుకున్నట్టు. అది పాత ఫీజుకి సార్, కొత్త ఫీజు ఇంకా అలాగే ఉంది. ఏడాదికి 40 వేలు అన్నారు, రెండేళ్లు, పైన హాస్టల్, రికార్డులు, బస్సు. నా జీతం నెలకి 9 వేలు, ఎండాకాలం సెలవుల్లో అదీ ఇవ్వరు.

మీరేం పని చేయట్లేదని నేననను. ఇంటర్ పిల్లలకి వాట్సాప్‌లో హాల్‌టికెట్ వచ్చింది, మా స్కూల్ అటెండర్ కూతురికి నేనే డౌన్‌లోడ్ చేసిచ్చా, బాగుంది, నిజంగానే బాగుంది. అంత ఫాస్టుగా పని చేసేవాళ్లకి నాలుగు లైన్ల జీవో ఒకటి వెయ్యడానికి ఇంత టైమ్ ఎందుకు పడుతోందో అదే అర్థం కాక అడుగుతున్నా. ఆర్థిక ఇబ్బందులు ఉన్నాయని పేపర్లో చదివా. మాకూ ఉన్నాయి సార్. మీవి పోయేదాకా ఆగుదామంటే చెల్లికి నా వయసొచ్చేస్తుంది.

ఏం కావాలని అడుగుతారేమో. జీవో 77 రద్దు చెయ్యండి. మాటిచ్చారు కాబట్టి చెయ్యండి. ఈ ఏడాది చేరేవాళ్లకి కూడా వర్తించేలా చెయ్యండి, వచ్చే ఏడాది నుంచి అంటే మాకు ఉపయోగం లేదు. అది కుదరదంటే కనీసం కన్వీనర్ సీటు వచ్చిన పిల్లలకైనా ఇవ్వండి. అదీ కాదంటే యూనివర్సిటీల్లో సీట్లు పెంచండి. ఏదో ఒకటి చెయ్యండి సార్, పరిష్కరించబడినది అని మెసేజ్ మాత్రం మళ్లీ పంపొద్దు.

కాలేజీలో రిపోర్ట్ చెయ్యడానికి శనివారం ఆఖరు. చెల్లి ఏమీ అడగట్లేదు, సర్టిఫికెట్లు జిరాక్సులు తీయించి ఫైల్లో వరసగా పెట్టుకుంది. ఆ ఫైలు కూడా నాదే, 2021లో కొన్నది. నిన్న అందులో వెనక అరలో నా పాత అలాట్‌మెంట్ ఆర్డర్ దొరికితే తెచ్చి నా చేతికిచ్చి వెళ్లిపోయింది, ఏమీ మాట్లాడలేదు. రెండు ఆర్డర్లూ పక్కపక్కన పెట్టి ఫోటో తీసి దీనికి జత చేస్తున్నా, కాలేజీల పేర్లు, మా నంబర్లు కనపడకుండా చెరిపేశా. ఒరిజినల్స్ చూడాలంటే ఎక్కడికి తెమ్మంటే అక్కడికి తెస్తా, స్కూల్ ఉంటుంది కాబట్టి ఆదివారం అయితే మేలు.

ఇట్లు,
ప్రకాశం జిల్లా నుంచి ఒక అక్క